కట్టెల పడవ మీద పన్ను



కూరల గంప నెత్తిన పెట్టుకుని పక్క ఊరి సంతకి వెళ్తున్నామనుకోండి. పొలిమేరలో ఒకడు ఆపి, "మా ఊళ్ళో అమ్మాలంటే పన్ను కట్టు" అంటే ఏమంటాం? అమెరికాలో ఒకప్పుడు ఇలాగే జరిగింది.

ఆ దేశం కూడా ఇంగ్లండు రాజు కిందే ఉండేది. అక్కడి 13 రాష్ట్రాలు 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. యుద్ధం చేసి గెలిచాయి. 1783లో సంధి అయింది. రాజు పీడ పోయింది. మరి ఇల్లు నడిపేదెవరు?

అందరికీ కలిపి కాంగ్రెసు అనే సభ ఒకటి ఉండేది. పేరుకే సభ. పన్ను వేసే అధికారం లేదు. యుద్ధానికి చేసిన అప్పు తీర్చాలన్నా రాష్ట్రాలను అడుక్కోవాల్సిందే. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు.

రాష్ట్రాలేమో ఒకదానితో ఒకటి తగువు. న్యూయార్కు పెద్ద రేవు పట్నం. పక్క రాష్ట్రాల నుంచి పొయ్యిలోకి కట్టెలు, వండుకోను కూరలు పడవల్లో వచ్చేవి. 1787లో న్యూయార్కు ఆ పడవల మీద కూడా రుసుము వేసింది. న్యూజెర్సీకి ఒళ్ళు మండింది. తమ గడ్డ మీద న్యూయార్కువాళ్ళ దీపస్తంభం ఉంది. దాని మీద పన్ను వేసింది!

అందరూ ఇలా లేరు. పొటోమాక్ నదికి ఒక ఒడ్డున మేరీలాండ్, ఇంకో ఒడ్డున వర్జీనియా. 1785 మార్చిలో ఇద్దరి పెద్దలూ జార్జి వాషింగ్టన్ ఇంట్లో కూర్చున్నారు. యుద్ధంలో సేనను నడిపించింది ఈయనే. పడవలు అందరివీ తిరగొచ్చు, చేపలు ఇద్దరూ పట్టుకోవచ్చు, దీపస్తంభాల ఖర్చు పంచుకుందాం అని రాసుకున్నారు.

ఇదేదో బాగుందే, అందరం కూర్చుందాం అని వర్జీనియా కబురు పెట్టింది. 1786 సెప్టెంబరులో అనాపొలిస్‌లో సభ. ఎంతమంది వచ్చారు? అయిదు రాష్ట్రాల నుంచి 12 మంది. ఆ ఊరు మేరీలాండ్‌ది. ఆ మేరీలాండే రాలేదు! వచ్చినవాళ్ళు మాత్రం ఊరికే వెళ్ళలేదు. "వ్యాపారం ఒక్కటే బాగుచేస్తే చాలదు, ప్రభుత్వాన్నే సరిచేయాలి. వచ్చే మే నెలలో ఫిలడెల్ఫియాకు రండి" అని అందరికీ రాశారు. రాసింది అలెగ్జాండర్ హామిల్టన్.

అదే ఏడు మసాచుసెట్స్‌లో రైతులు తిరగబడ్డారు. వాళ్ళలో చాలామంది యుద్ధం చేసి వచ్చినవాళ్ళే. పన్నులు కట్టలేక, అప్పులు తీర్చలేక భూములు పోతుంటే, కోర్టులు తెరవనీయకుండా అడ్డంగా నిలబడ్డారు. 1787 మొదట్లో వాళ్ళను అణిచేశారు. పెద్దలకు భయం పట్టుకుంది. నా లెక్కన, ఉత్తరాల కన్నా ఈ భయమే ఎక్కువ పనిచేసింది.

1787లో ఫిలడెల్ఫియాకు 12 రాష్ట్రాల నుంచి 55 మంది వచ్చారు. తలుపులు మూసుకుని నాలుగు నెలలు వాదించుకున్నారు. రాజ్యాంగం తయారైంది. రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద అధికారం ఉమ్మడి సభకు వచ్చింది. ఏ రాష్ట్రమూ సొంత నాణెం వేయకూడదన్నారు. 1789లో కొత్త ప్రభుత్వం వచ్చింది.

ఆ 55 మందిలో ఒక్క ఆడమనిషి లేదు. సీట్ల లెక్కలో నల్ల బానిసలు అయిదుగురైతే ముగ్గురన్నారు. వాళ్ళకు ఓటు లేదు. సీట్లు మాత్రం యజమానుల రాష్ట్రాలకు పెరిగాయి. న్యూజెర్సీలో ఆస్తి ఉన్న స్త్రీలు కొందరు ఓటు వేసేవాళ్ళు. 1807లో అదీ తీసేశారు. ఆడవాళ్ళ ఓటు రాజ్యాంగంలోకి ఎక్కింది 1920లో.

కేంద్రంలో మాట్లాడుకోండి: 13 రాష్ట్రాలను పిలిస్తే 12 మంది మనుషులే వచ్చారు. మీరైతే ఆ సభలో ఏం చేసేవారు?