గొర్రెల దాణాలో నూనె ఎంత వరకు?

సంతకు తోలే ముందు పొట్టేళ్లు నిగనిగలాడాలని కొందరు పెంపకందారులు దాణాలో గరిటెడు నూనె కలుపుతుంటారు. ఆలోచనలో తప్పు లేదు. పిండి పదార్థాల కంటే కొవ్వులో రెండుంపావు రెట్లు శక్తి ఉంటుంది. చిక్కల్లా గొర్రె పొట్టతోనే.

గొర్రె మేసిన గడ్డిని అరిగించేది నిజానికి దాని మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవులు. నూనె ఎక్కువైతే గడ్డి పీచుకు పూతలా పట్టేస్తుంది. సూక్ష్మజీవులు ఆ పీచును పట్టుకోలేవు. పైగా వేరుశనగ, తవుడు వంటి నూనెలు పీచును అరిగించే జీవులకే హాని చేస్తాయి. గడ్డి అరక్క పొట్టలోనే నిలిచిపోతుంది, జీవం మేత తగ్గిస్తుంది. అంటే నూనె ఖర్చు నూనెకు పోయి, ఉచితంగా దొరికే బీటి మేత కూడా వృథా అవుతుందన్న మాట!

మరి ఎంత పెట్టవచ్చు? ఎండు పదార్థం లెక్కన మొత్తం మేతలో కొవ్వు 5 శాతం దాటకుండా చూసుకుంటే మంచిది. 30 కిలోల గొర్రె రోజుకు సుమారు కిలో ఎండు పదార్థం తింటుంది. అంటే 50 గ్రాముల కొవ్వు. ఇందులో 20 గ్రాములు గడ్డి, ఆకుల నుంచే వస్తుందనుకోండి, మిగిలేది 30 గ్రాములే. మిల్లు పచ్చి తవుడులో 12 నుంచి 18 శాతం నూనె ఉంటుంది. 100 గ్రాముల తవుడు, 50 గ్రాముల వేరుశనగ చెక్క, 50 గ్రాముల మొక్కజొన్న నూక కలిపి పెడితే 20 గ్రాములు దాటుతుంది. ఇక విడిగా నూనె పోయడం దేనికి?

పత్తి పండే తిరువూరు, గంపలగూడెం ప్రాంతాల్లో పత్తి గింజలు పెట్టాలనిపించవచ్చు. వాటిలోనూ 18-20 శాతం నూనె ఉంటుంది కాబట్టి ఆ మేరకు తవుడు తగ్గించాలి. పాలు తాగే పిల్లలకు మాత్రం అసలు వద్దు. గింజల్లోని గాసిపాల్ అనే విషాన్ని అవి తట్టుకోలేవు.

చూడి గొర్రెల సంగతి వేరు. ఈనే ముందు నెలన్నర రోజుల్లో కడుపులో పిల్ల పెరిగి మేతకు చోటు తగ్గుతుంది. కొద్ది మేతలోనే ఎక్కువ శక్తినిచ్చే తవుడు, చెక్క అప్పుడు బాగా అక్కరకొస్తాయి. ఏ దాణా అయినా పది, పదిహేను రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి.

పాడి పశువుల కోసం అమ్మే బైపాస్ కొవ్వు మొదటి పొట్టలో కరగదు, ముందుకు పోయి అరుగుతుంది. మంచిదే గాని, బయట మేసి వచ్చే మందకు ఆ ఖర్చు గిట్టదు.

నెమరు తగ్గినా, పెంటికలు విడివిడిగా రాకుండా ముద్దలా పడినా వెంటనే నూనె దాణా ఆపి ఎండు గడ్డి, శుభ్రమైన నీరు ఇవ్వండి. మర్నాటికీ తేరుకోకపోతే పశువైద్యునికి చూపించండి.

పచ్చి తవుడు త్వరగా ముక్క వాసన పడుతుంది. వారానికి సరిపడా మాత్రమే మిల్లు నుంచి తెచ్చుకోండి. తవుడులో భాస్వరం ఎక్కువ కనుక పొట్టేళ్లకు మూత్రంలో రాళ్లు పడే ప్రమాదం ఉంది. వంద కిలోల దాణాకు కిలో సున్నపురాయి పొడి కలపండి.