పాత మినీ పీసీకి ఇంట్లో కొత్త కొలువు

ప్రశ్న: ఆఫీసులో వాడి తీసేసిన థింక్‌సెంటర్ టైనీ చవగ్గా వస్తోంది. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. ఇంట్లో ఫొటోలు, సినిమాలు దాచడానికీ, తోట మోటారు నడపడానికీ సరిపోతుందా? రాస్ప్‌బెర్రీ పై కొనమంటారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ధైర్యంగా తీసుకోండి. ఇంటెల్‌లో విండోస్ 11కు అధికారికంగా ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. విండోస్ 10కేమో 2025 అక్టోబరులో మామూలు సపోర్టు ఆగిపోయింది. ఇంత మంచి యంత్రాలు ఆఫీసుల నుంచి బయటికి రావడానికి అదో పెద్ద కారణం. డెబియన్ లినక్స్‌కు ఆ పట్టింపు లేదు. అందులో జెల్లీఫిన్ పెడితే సినిమాలు టీవీలో చూడొచ్చు, ఇమిచ్ పెడితే ఫోన్‌లోని ఫొటోలు వాటంతటవే చేరతాయి. ఫొటోలకు ఇంకో కాపీ వేరే డిస్కులో తప్పకుండా ఉంచండి. వాడేసిన డిస్కును పిల్లల ఫొటోల విషయంలో నమ్మకూడదు.

కరెంటు ఖర్చు చూస్తే, ఈ పీసీ సగటున 10 వాట్లు తీసుకుందనుకున్నా, రాత్రింబవళ్లు నడిపితే నెలకు 7 యూనిట్లు.

మోటారు సంగతి వేరు. బయటి పరికరాలను నేరుగా కలపడానికి రాస్ప్‌బెర్రీ పైకి ఉండే జీపీఐఓ పిన్నులు దీనికి ఉండవు. చవకైన ఈఎస్‌పీ32 బోర్డును వైఫైతో కలిపి, పీసీలో హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి దాన్నుంచి ఆదేశాలివ్వండి. 230 వోల్టుల మోటారును మాత్రం ఆ బోర్డు నడిపే చిన్న రిలేకు నేరుగా తగిలించొద్దు. మధ్యలో కాంటాక్టర్ ఉండాలి, ఆ వైరింగ్ ఎలక్ట్రీషియనే చెయ్యాలి.

కొనేముందు బయోస్‌కు పాస్‌వర్డ్ ఉందేమో చూడండి, ఒరిజినల్ అడాప్టర్ అడిగి తీసుకోండి. కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ బయోస్‌లోనే ఉంటుంది. మొదటిరోజే మార్చేయండి.