ఇండ్ల స్థలముల కొనుగోలు – పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

పట్టణములకు దాపున నున్న గ్రామములలో పొలమునకు హద్దురాళ్లు పాతి, మట్టిబాటలు తీర్చి, రంగుజెండాలు కట్టి ప్లాట్లుగా అమ్మజూపుట నేడు సర్వసాధారణమైనది. కొనువారిలో పెక్కుమంది వ్యాపారులు కారు. బిడ్డ పెండ్లికి దాచుకొన్నవారు, గల్ఫు దేశములలో పాటుపడి సొమ్ము పంపువారు, ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు. వీరు స్థలము చూచిన పిమ్మట "కొనవచ్చునా అండీ?" అని అడుగునది పంచాయతీ సభ్యులనే. మొగమాటమునకు లోబడి "కొనవచ్చును" అనుట తగదు.

ముఖ్యముగా "పంచాయతీ అప్రూవల్" అను మాటను గూర్చి జాగ్రత్త వహింపవలెను. లేఅవుటుకు పంచాయతీ తీర్మానము ఒక్కటే చాలదు. పట్టణ, గ్రామ ప్రణాళికా శాఖవారు గాని, ఆ గ్రామము పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో నున్నచో ఆ సంస్థవారు గాని సాంకేతికముగా ఆమోదింపవలెను. సర్పంచిగారి సంతకము, ముద్ర గల పటమును మాత్రమే నమ్మి కొన్నవారు ఇల్లు కట్టుటకు అనుమతి లేక, బ్యాంకు ఋణము పుట్టక చిక్కులపాలగుచున్నారు. ఇట్టి స్థలములను క్రమబద్ధము చేయుటకు 2020లో రెండు తెలుగు రాష్ట్రములును పథకములు ప్రకటింపవలసి వచ్చెను. ఆ రుసుము భారము పెక్కుచోట్ల కొన్నవారిపైననే పడినది.

పంచాయతీకిని నష్టమే. లేఅవుటులోని బాటలను, ఖాళీస్థలమును పంచాయతీ పేర రిజిస్టరు దానపత్రముతో అప్పగింపవలెను. ఆ పని జరుగనిచో, పార్కని చూపిన చోటును సైతము కొంతకాలమునకు ప్లాట్లు చేసి అమ్ముట కలదు. పిమ్మట మురుగుకాలువ, మంచినీరు, వీధిదీపములు కావలెనని జనులు వచ్చి నిలదీయునది మనలనే.

ఇక కాగితముల సంగతి. ఈసీ చూచినంతనే సరిపోదు. రిజిస్టరైన లావాదేవీలే అందు కానవచ్చును. నోటిమాట పంపకములు, రిజిస్టరు కాని వీలునామాలు అందుండవు. పిత్రార్జితము అన్నదమ్ములు మాత్రమే అమ్ముచున్నచో అప్పచెల్లెండ్ర సంతకములను అడుగుడు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ చట్టము, దేశమంతటను 2005 సవరణ చట్టము హక్కు కల్పించినవి. ఏండ్ల పిమ్మట ఆడపడుచు దావా వేసినచో ఆమెను నిందించి ప్రయోజనము లేదు. అసైన్డు భూముల బదిలీని 1977 చట్టము నిషేధించినది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కొంత సడలించినను షరతులు కలవు. కనుక తహసీలుదారు కార్యాలయమున విచారించుటయు, 22-ఎ నిషేధిత జాబితా చూచుటయు అవశ్యము. ఏజన్సీ గ్రామములలో గిరిజనేతరులు భూమి కొనుటకు వీలులేదు. 1959 రెగ్యులేషనును 1970లో మరింత కట్టుదిట్టము చేసిరి.

బయానా విషయమున తొందర కూడదు. 2016 నాటి రెరా చట్టము ననుసరించి, 500 చదరపు మీటర్లకు మించిన స్థలమునందలి ప్లాట్లను, ఆ సంస్థలో నమోదు కాకుండ అమ్మకమునకు పెట్టరాదు. రిజిస్టరు ఒప్పందము కానిదే ధరలో పదవవంతుకు మించి పుచ్చుకొనరాదు. అనగా పది లక్షల ప్లాటునకు లక్ష రూపాయలే. "ఈ సాయంత్రములోగా సగము కట్టిననే ఈ ధర" అను అమ్మకపుదారు ఎంత మర్యాదస్తుడుగా కానవచ్చినను కొంత ఆగుట మేలు.

మీ గ్రామమున ఆమోదము పొందిన లేఅవుట్లెవ్వి, లేనివెవ్వి అను వివరమును సర్వే నంబర్లతోసహా కార్యదర్శిచే వ్రాయించి నోటీసు బోర్డుపై అంటింపుడు. కొత్త లేఅవుటు వెలసినప్పుడెల్ల ఆ పట్టికను సవరించి, గ్రామసభలో చదివి వినిపింపవచ్చును.