తగ్గని ఆయాసం, తగ్గించుకోగల దిగులు

"ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు, మందులు మానకుండా వాడాలి" అని డాక్టరు చెప్పాక రోగికి మిగతా మాటలేవీ వినపడవు. ఇంటికి చేరాక గుర్తుండేది 'నయం కాదు' అన్న మాటొక్కటే. ఆ రాత్రి నుంచి అతనికి రెండు బాధలు. మొదటిది ఊపిరితిత్తులది, దానికి మందుచీటీ ఉంది. రెండోది దిగులు. దాని గురించి ఎవరూ అడగరు, అతనూ చెప్పడు. ఈ పాఠం ఆ రెండో బాధ గురించి. రోగులూ వారి ఇంటివారూ చదవాలి. సాయం చేసే దాతలు మరింత శ్రద్ధగా చదవాలి.

జబ్బు ఏమిటి, ఎవరికి వస్తుంది?

సీఓపీడీ అనే ఈ జబ్బులో గాలి గొట్టాలు ఏళ్ల తరబడి పొగకూ దుమ్ముకూ వాచి ఇరుకవుతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. మన దేశంలో 1990లో 2.81 కోట్ల మందికి ఉన్న ఈ జబ్బు 2016 నాటికి 5.53 కోట్ల మందికి చేరిందని 2018లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. 2021లో ప్రపంచవ్యాప్తంగా దీనివల్ల 35 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

బీడీ, సిగరెట్ పెద్ద కారణాలే. అయితే అవి మాత్రమే కాదు. ఆటోనగర్ షెడ్లలో వెల్డింగ్ పొగ, డెల్టా రైసు మిల్లుల్లో ఊక దుమ్ము, తరతరాలుగా దూదేకి పరుపులు కుట్టిన నూర్‌బాషా కుటుంబాల్లో దూది నుసి కూడా ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఇక కట్టెల పొయ్యి. 1999లో దీపం పథకం వచ్చేనాటికి పేదిళ్లలో గ్యాస్ పొయ్యి అరుదు. ఆనాడు పొయ్యి ఊదిన అమ్మీలు, నానీమాలు బీడీ ముట్టకుండానే ఈనాడు ఆయాసపడుతున్నారు. కాబట్టి "చేసుకున్నదానికి అనుభవిస్తున్నాడు" అన్న మాట ఎవరి నోటా రానివ్వకండి. బీడీ తాగినవాడికైనా ఆ మాట మందు కాదు.

భయం ఊపిరిని ఎలా బిగిస్తుంది?

ఆయాసం రాగానే భయం వేస్తుంది. భయపడిన మనిషి గబగబా, పైపైన ఊపిరి తీస్తాడు. ఆరోగ్యవంతుడైతే తట్టుకుంటాడు. సీఓపీడీ ఉన్నవారికి గాలి బయటికి పోవడానికే ఎక్కువ సమయం కావాలి. ఆ సమయం చాలక పాత గాలి లోపలే నిలిచిపోతుంది, ఛాతీ ఉబ్బిపోతుంది, కొత్త గాలికి చోటుండదు. ఆయాసం పెరుగుతుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది.

తరువాత జరిగేది మెల్లగా జరుగుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియదు. మసీదు మెట్లెక్కేటప్పుడు నలుగురి ముందు దగ్గొచ్చిందని జుమాకు వెళ్లడం మానేస్తాడు. దావత్‌లకు మానేస్తాడు. బజారుకూ మానేస్తాడు. కాళ్ల కండరాలు బలం తగ్గి, నెల కిందట సులువుగా చేసిన పనికే ఇప్పుడు రొప్పుతాడు. "చూశారా, జబ్బు ముదిరింది" అనుకుంటాడు. చాలామంది విషయంలో జబ్బు కంటే ముందు భయమే మనిషిని మంచానికి చేరుస్తుంది. ఈ చక్రాన్ని తెంచడం నేర్చుకోవచ్చు.

రోగి నేర్చుకోవలసినవి

మొదటిది, ఊదే పద్ధతి. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, దీపం ఆరకుండా కదిలించేటట్టు పెదవులు దగ్గరపెట్టి నాలుగు అంకెల సేపు మెల్లగా వదలాలి. ఆయాసం లేని వేళ రోజూ సాధన చేస్తేనే, ఆయాసం వచ్చినప్పుడు ఇది అక్కరకొస్తుంది.

రెండోది, కూర్చునే తీరు. ఊపిరి అందనప్పుడు వెల్లకిలా పడుకోకూడదు. కుర్చీలో కొద్దిగా ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, భుజాలు వదులు చేయాలి.

మూడోది, నడక. డాక్టరును అడిగి, రోజూ కొద్దికొద్దిగా పెంచుతూ నడవాలి. కొంచెం ఆయాసం రావడం ప్రమాదం కాదు. మే నెల ఎండలోనూ, గడ్డి తగలబెట్టే రోజుల్లోనూ ఇంట్లోనే నడవండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలాగా ఇల్లు మునిగినప్పుడు, చెమ్మపట్టిన గోడలున్న గదిలో రోగిని పడుకోబెట్టకండి.

నాలుగోది, ముందే రాసిపెట్టుకున్న కాగితం. వెయ్యేళ్ల కిందటి పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) తన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' గ్రంథంలో శరీరంతో పాటు మనసు ఆరోగ్యానికీ ఒక భాగం కేటాయించారు. ఆపదకు ఇంట్లో మందులు సిద్ధంగా ఉంచుకున్నట్టే, మనసు నెమ్మదిగా ఉన్న వేళ ధైర్యమిచ్చే ఆలోచనలను కూడబెట్టుకోవాలనీ, భయం ముంచుకొచ్చినప్పుడు వాటిని వాడుకోవాలనీ ఆయన సలహా. నేటి డాక్టర్లు రాసిచ్చే జాగ్రత్తల కాగితమూ ఇలాంటిదే. ఏ ఇన్‌హేలర్ ఎన్నిసార్లు, ఎవరికి ఫోన్ చేయాలి, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి అన్నవి అందులో ఉండాలి. పెదవులు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, మగతగా అయోమయంగా ఉన్నా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి.

ఐదోది, దిగులును దాచకపోవడం. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద ఆశ పోయినట్టున్నా డాక్టరుకు చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మందుల షాపులో సొంతంగా నిద్రమాత్రలు కొనకండి. కొన్ని మాత్రలు ఊపిరి వేగాన్నే తగ్గిస్తాయి.

భయం పెంచే అపోహలు

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అంటారు. ఇది వ్యసనం కాదు. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కాబట్టి తక్కువ మోతాదు చాలు. "అంటుకుంటుంది" అని గ్లాసూ పళ్లెమూ వేరుగా పెడతారు. క్షయ అంటుకుంటుంది, సీఓపీడీ అంటుకోదు. "ఇన్నేళ్లు తాగాక ఇప్పుడు బీడీ మానితే ఏం లాభం?" అంటారు. ఫ్లెచర్, పెటో అనే పరిశోధకులు లండన్‌లో పనిచేసే మగవారిని ఏళ్ల తరబడి గమనించి 1977లో ప్రకటించిన విషయం ఇది: పోయిన బలం పెద్దగా తిరిగి రాకపోయినా, పొగ మానినవారిలో ఆపై ఊపిరితిత్తులు క్షీణించే వేగం తగ్గుతుంది. ఎప్పుడు మానినా లాభమే.

మనవారిని మరో దిగులు కూడా పీడిస్తుంది. నిలబడి నమాజు చేయలేకపోతున్నామని, రోజా ఉండలేకపోతున్నామని కుమిలిపోతారు. నిలబడలేనివారు కూర్చుని, అదీ కుదరకపోతే పడుకుని నమాజు చేయవచ్చన్నది హదీసు ద్వారా తెలిసిన విషయమే. రోగికి రోజా విషయంలో ఉన్న సడలింపు బఖరా సూరా 184, 185 ఆయతుల్లో ఉంది. ఇన్‌హేలర్ వాడితే రోజా నిలుస్తుందా అన్నదానిపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. మీరు నమ్మే ఆలిమ్‌నూ డాక్టరునూ ఇద్దరినీ అడగండి. రంజాన్ కోసం మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

దాతలకు ఒక మాట

రోగి ఆస్పత్రిలో చేరితే చేయి అందించేవారు దొరుకుతారు. నెలనెలా కొనవలసిన ఇన్‌హేలర్ ఎవరి కంటా పడదు. మూడో నెల డబ్బు చాలక రోగి రోజు విడిచి రోజు పీలుస్తాడు, ఆ సంగతి బిడ్డలకు కూడా చెప్పడు. 'వచ్చే నెల మందు ఎలా?' అన్న దిగులు ఏ ఊదే పద్ధతితోనూ పోదు. అందుకే ఒక్కసారి పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా, ఒక రోగికి ఏడాదంతా మందు ఆగకుండా చూడటం మేలు. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్, ఏటా ఫ్లూ టీకా, కట్టెల పొయ్యి ఉన్న ఇంటికి గ్యాస్ సిలిండర్, ఆస్పత్రికి ఆటో చార్జీ, ఇవన్నీ చిన్న ఖర్చులే. జకాత్ పొందే అర్హత ఎవరికుందో సంస్థ పెద్దలు విచారించి నిర్ణయించవచ్చు. మిగతావారికి సదఖా ఉంది.

డబ్బుతో కొనలేని సాయం ఇంకొకటి. మీ వీధిలో జుమాకు రావడం మానేసిన పెద్దాయన ఉంటే వెళ్లి పలకరించండి. "ఎలా ఉంది?" అని అడిగి వచ్చేయకండి. "పదండి చాచా, మెల్లగా నడుద్దాం, ఆగినచోటల్లా నేనూ ఆగుతా" అనండి. పక్కన ఒక మనిషి ఉన్నాడన్న ధీమా ఉంటే ఆయన మళ్లీ గడప దాటతాడు.