పొరపాటు పాపమా?



మా విచారణ పండుగకు ఏటా యువకులకు ఆటలపోటీలు పెడతాము. మొన్నటి పండుగకు ఫుట్‌బాల్ ఆఖరి ఆటలో మా ఊరి కుర్రవాడొకడు బంతిని అడ్డుకోబోయి మా గోలులోకే తన్నాడు. పిల్లలు దాన్ని సేమ్‌సైడ్ గోలు అంటారు. ఓడిపోయాము. గట్టు మీద నిలబడ్డ పెద్దలు వాణ్ణి అన్న మాటలు ఈ పత్రికలో రాయతగినవి కావు. మైకు నా చేతిలో ఉంది. నేనూ ఒక ఎగతాళి మాట విసిరాను, అందరూ నవ్వారు. తరువాత మూడు ఆదివారాలు ఆ పిల్లవాడు పూజకు రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, "మీ ముందుకు రావడానికి సిగ్గుపడుతున్నాడు ఫాదర్ గారూ" అన్నది వాళ్లమ్మ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆంద్రేస్ ఎస్కోబార్ గుర్తుకు వచ్చాడు. 1994లో, నేను పెద్ద సెమినరీలో తత్త్వశాస్త్రం చదువుకుంటున్న రోజుల్లో, అతని మరణవార్త పేపరులో చూశాను.

ఎస్కోబార్ 1967లో కొలంబియా దేశపు మెడెలిన్ నగరంలో కథోలిక కుటుంబంలో పుట్టాడు. మెడెలిన్ మన తిరుసభకు తెలిసిన పేరే. పేదల పక్షాన నిలవాలని లాటిన్ అమెరికా పీఠాధిపతులు 1968లో సమావేశమైంది అక్కడే. పావు శతాబ్దం తిరిగేసరికి ఆ ఊరు మాదకద్రవ్యాల ముఠాల చేతిలో పడింది. 1991లో ఆ ఒక్క నగరంలో ఆరువేలకు పైగా హత్యలు జరిగాయి. ముఠానాయకుడు పాబ్లో ఎస్కోబార్‌కూ మన ఆటగాడికీ ఇంటిపేరు తప్ప బంధుత్వం లేదు.

ఆంద్రేస్ రక్షణ పంక్తిలో ఆడేవాడు. అడ్డగోలుగా కాలు పెట్టి ఎదుటివాణ్ణి పడగొట్టే రకం కాదు, నెమ్మదస్తుడని అతనికి పేరు. 1989లో అతని జట్టు అత్లెతికో నాసియొనాల్ దక్షిణ అమెరికా క్లబ్బులలో విజేతగా నిలిచి, ఆ కప్పు కొలంబియాకు మొదటిసారి తెచ్చింది. 1993 సెప్టెంబరులో కొలంబియా జట్టు అర్జెంటీనాను వాళ్ల గడ్డ మీదే 5-0తో ఓడించింది. దానితో ఆశలు ఆకాశాన్నంటాయి, పందేలూ పెరిగాయి.

ప్రపంచ కప్పు మొదటి ఆటలో రుమేనియా చేతిలో ఓడిపోయారు. రెండో ఆటకు ముందు, గోమెస్ అనే ఆటగాణ్ణి దింపితే చంపుతామని జట్టుకు బెదిరింపు వచ్చింది. అతణ్ణి ఆడించలేదు. (ఆ గోమెస్ ముద్దుపేరు బరబ్బ! ఆ పేరు వినగానే మనకు గుర్తుకు వచ్చేది వేరే.) 1994 జూన్ 22న అమెరికాతో ఆట. ఎదుటివారు గోలు ముందుకు కొట్టిన బంతిని ఆపాలని ఆంద్రేస్ కాలు చాచి జారాడు. అది అతని కాలికి తగిలి సొంత గోలులోకి పోయింది. 2-1తో ఓటమి. తరువాతి ఆటలో గెలిచినా ఇంటిదారి తప్పలేదు.

అతడు దాక్కోలేదు. 'ఎల్ తియెంపో' పత్రికలో వ్యాసం రాసి, జీవితం ఇక్కడితో ముగిసిపోదనీ, ఒకరినొకరు గౌరవించుకుందామనీ తనవాళ్లను కోరాడు. జూలై 2 తెల్లవారుజామున మెడెలిన్‌లో ఒక బారు బయట కొందరు ఆ గోలు ఎత్తి అతణ్ణి దూషించారు. మాటామాటా పెరిగింది. కారులో కూర్చున్న అతని మీద ఆరుసార్లు కాల్చారు. వయస్సు ఇరవై ఏడు, పెళ్లి కుదిరి ఉంది. అంత్యక్రియలకు లక్షకు పైగా జనం వచ్చారు. కాల్చినట్లు ఒప్పుకున్న వ్యక్తికి 43 ఏళ్ల శిక్ష పడింది. తరువాత శిక్ష తగ్గి, 2005లో విడుదలయ్యాడు. పందెంలో పోయిన డబ్బే కారణమని చాలామంది నమ్మారు గాని, అది రుజువు కాలేదు.

సత్యోపదేశంలో మనం నేర్చుకున్నదే. చావైన పాపానికి మూడు కావాలి: గంభీరమైన విషయం, పూర్తి తెలివి, పూర్ణ సమ్మతి. మనస్సు కోరనిది, బుద్ధి ఎరుగనిది మనిషి కావాలని చేసిన పని కాదని పునీత తోమాసు అక్వినాసు గారు ఎప్పుడో తేల్చారు. ఆంద్రేస్ కోరింది బంతిని ఆపడం. ఆ గోలులో దోషమెక్కడ? కాని ఆ గట్టు మీద తిట్టినవాళ్లకు తెలివీ ఉంది, సమ్మతీ ఉంది. నా మైకు మాటకూ ఉన్నాయి. పరీక్షలో ఒక లెక్క తప్పినందుకు కొడుకు మీద బెల్టు తీసే తండ్రి విషయంలో కూడా ఈ లెక్కే వేసి చూడండి. పిల్లవాడిది పొరపాటు. బెల్టు మాత్రం ఆలోచించి తీసిందే.

మెడెలిన్‌లో 2002లో ఆంద్రేస్ విగ్రహం నిలిపారు. నన్ను అంతకన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి. అతడు చనిపోయిన రోజుల్లో యూర్గెన్ గ్రీస్‌బెక్ అనే జర్మన్ దేశస్థుడు ఆ ఊళ్లో చదువుకుంటున్నాడు. 1996లో అతడు మరికొందరితో కలిసి, ముఠాలున్న పేటల్లో 'శాంతి కోసం ఫుట్‌బాల్' మొదలుపెట్టాడు. తుపాకులు పక్కన పెట్టి రావాలి. ప్రతి జట్టులోనూ అమ్మాయిలుండాలి, మొదటి గోలు అమ్మాయే కొట్టాలి. రెఫరీ ఉండడు. ఆటకు ముందు రెండు జట్లూ కూర్చుని నియమాలు ఒప్పుకుంటాయి. ఆట ముగిశాక మళ్లీ కూర్చుని, ఎవరు మర్యాదగా ఆడారో తేల్చి దానికీ పాయింట్లు ఇచ్చుకుంటాయి. ఎక్కువ గోళ్లు కొట్టిన జట్టు ఓడిపోవచ్చు కూడా. ఈ పద్ధతి తరువాత ఎన్నో దేశాలకు పాకింది.

మొన్న మళ్లీ ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లి, వాళ్ల నాన్న ఎదుటనే వాణ్ణి క్షమించమని అడిగాను. వాడు తల వంచుకుని, "ఫరవాలేదు ఫాదర్" అన్నాడు. ఆదివారం పూజకు వచ్చి, వెనక వరుసలో కూర్చున్నాడు. వచ్చే పండుగకు మెడెలిన్ పద్ధతిలో ఆడిద్దామని విచారణ పెద్దలతో అన్నాను. అమ్మాయిలు ఆడడానికి ఇద్దరు ఒప్పుకోలేదు, రెఫరీ లేకపోవడానికి ఎవ్వరూ ఒప్పుకోలేదు. ఇంకా మాట్లాడుతున్నాము.