చెరువు గట్టు మీద కన్ను ఉండాలి

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గరి పల్లె. చుట్టూ చెరువు, కాలువ, వ్యవసాయ బావులు. పిల్లలు మునిగి చనిపోతే రాత అంటారు. ముందే ఆపలేమా డాక్టర్ గారూ?

జవాబు: తప్పక ఆపగలం. ఎపిడెమియాలజిస్టులు జ్వరాల లెక్క తీసినట్టే నీటి మరణాలకూ తీస్తారు: ఏ వయసు, ఏ వేళ, ఏ నీళ్లు, పక్కన ఎవరున్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది మునిగి చనిపోయారు. వారిలో పావు వంతు దాకా ఐదేళ్లలోపు పిల్లలే.

పసివాళ్లకు ప్రమాదం ఎక్కువగా ఇంటి దగ్గరే, పెద్దలు పనిలో ఉన్నప్పుడే. బంగ్లాదేశ్ పల్లెల్లో ఆ వేళకు పిల్లల్ని ఒకచోట చేర్చి ఒకరు కనిపెట్టుకుని ఉండటంతో మరణాలు బాగా తగ్గాయి. మన అంగన్‌వాడీలూ ఆ పని చేయగలవు. గట్టులేని బావులకు కంచె వేయించండి.

పెద్ద పిల్లలకు ఈత నేర్పించండి. అయితే ఈత వచ్చినా లోయర్ మానేరు లోతు, ఆదిలాబాద్ కుంటాల జలపాతం దగ్గరి నాచు బండలు ఎవరినీ వదలవు.

ఎవరైనా మునుగుతుంటే దూకకండి. తాడో, చీరో, ఖాళీ డబ్బానో విసరండి. బయటికి తీశాక కడుపు నొక్కకండి. ఊపిరి లేకపోతే నోటితో శ్వాస ఇచ్చి, ఛాతీ నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. ఈ ఎండాకాలం సెలవుల్లోపే గ్రామసభలో ఈ మాట ఎత్తండి.