మనవరాలు ఆడించిన ఆటలు

హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంజనీరింగ్ చదివే మా మనవరాలు పక్కన కూర్చోబెట్టుకుని నాతో కొన్ని వీడియో గేములు ఆడించింది. పిల్లల జేబులు ఖాళీ చేసే ఆటలు వేరు, వాటి సంగతి ఇక్కడ ఎత్తను. మంచి నవలలా నన్ను పట్టుకున్న ఆటల గురించి నా తోటి తాతలకూ అమ్మమ్మలకూ చెప్పాలనిపించింది.

1. బొమ్మల మెరుపు చూసి ఆటను కొలవకండి.

లూకాస్ పోప్ 2013లో విడుదల చేసిన 'పేపర్స్, ప్లీజ్'లో బొమ్మలు వెలిసిపోయినట్టుంటాయి. అందులో మనం సరిహద్దు చెక్‌పోస్టులో ఉద్యోగి. వచ్చినవాళ్ల కాగితాలు సరిచూసి ముద్ర కొట్టాలి. ఎంతమందిని చూస్తే అంత జీతం. ఇంట్లోవాళ్ల తిండీ మందులూ అందులోంచే. ఒకాయన కాగితాలు సరిగ్గా ఉంటాయి. లోపలికి వెళ్తూ, వెనకాల నా భార్య వస్తోంది, కాస్త దయచూడండి అంటాడు. ఆమె దగ్గర పర్మిట్ లేదు. వదిలితే మనకు మెమో వస్తుంది, మెమోలు పెరిగితే జీతంలో కోత. ఆపితే ఆలుమగలు విడిపోతారు. నిరంకుశ పాలనలో మామూలు ఉద్యోగి ఎందుకు నోరు మెదపడో క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. ముద్ర నా చేతికి వచ్చాక ఆ ఉద్యోగి భయం నాకూ పట్టుకుంది.

2. తుపాకీ లేనివాళ్ల యుద్ధం కూడా ఆడాలి.

నన్ను అన్నిటికన్నా కలచివేసింది 'దిస్ వార్ ఆఫ్ మైన్'. పోలండ్ రాజధాని వార్సాలోని 11 బిట్ స్టూడియోస్ 2014లో తెచ్చింది. బోస్నియాలో 1992 నుంచి 1996 దాకా సాగిన సారయెవో ముట్టడి దీనికి ప్రేరణ. శిథిలమైన ఇంట్లో కొందరు తలదాచుకుంటారు. వాళ్లలో ఒకరు వంటవాడు, ఒకరు పత్రికా విలేకరి, ఒకరు ఫుట్‌బాల్ ఆటగాడు. పగలు బయట అడుగు పెడితే తుపాకీ గుండ్లు. రాత్రిపూట ఒక్కరు వెళ్లి తిండో, మందులో, కట్టెలో ఏరుకు రావాలి.

ఆ ఊళ్లో ఒక ముసలి దంపతుల ఇల్లుంది. వాళ్ల దగ్గర మందులున్నాయి, తిండి ఉంది. ఎదిరించే శక్తి లేదు. మన ఇంట్లో ఒకరు జ్వరంతో పడి ఉన్నారు. "తీసుకోమంటావా, తాతయ్యా?" అని మనవరాలు అడిగింది. చాలాసేపు నా నోట మాట రాలేదు. తీసుకుంటే ఆకలి తీరుతుంది గానీ ఇంట్లోవాళ్లు కుంగిపోతారు. పుస్తకంలో దొంగతనం చేసేది ఇంకెవరో. ఇక్కడ చేసేది మనం. విద్యార్థులకు సిఫారసు చేసే పుస్తకాల సరసన ఈ ఆటను చేరుస్తామని పోలండ్ ప్రభుత్వం 2020లో ప్రకటించిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. అయితే ఇది పెద్దపిల్లలు ఆడాల్సిన ఆట. చిన్నవాళ్లకు ఇవ్వకండి.

3. ప్రతి ఆటా గెలవడానికే కాదు.

అమెరికాలో రయన్, ఏమీ గ్రీన్ దంపతుల కొడుకు జోయెల్‌కు ఏడాది వయసులోనే క్యాన్సర్ వచ్చింది. అయిదేళ్లకు, 2014లో కన్నుమూశాడు. వాడి కథను వాళ్లు 'దట్ డ్రాగన్, క్యాన్సర్' అనే ఆటగా 2016లో విడుదల చేశారు. ఆసుపత్రి గదిలో బిడ్డ ఏడుస్తుంటాడు. ఏ బటన్ నొక్కినా ఊరుకోడు. నేను అక్కడ లేచి వెళ్లిపోయాను, మర్నాడు మళ్లీ కూర్చున్నాను.

4. స్క్రీను వెనక ఉన్నవాళ్లనూ మనుషులుగానే లెక్కపెట్టండి.

నార్వే యువకుడు మాట్స్ స్టీన్ కండరాలు క్షీణించే జబ్బుతో 25 ఏళ్లకు, 2014లో చనిపోయాడు. కొడుక్కి స్నేహితులే లేరని తల్లిదండ్రులు దిగులుపడేవారు. చావు కబురు తెలిశాక 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ ఆటలో అతనితో కలిసి ఆడిన వేరే దేశాలవాళ్లు ఉత్తరాలు రాశారు, కొందరు అంత్యక్రియలకూ వచ్చారు. వాళ్ల కష్టాల్లో ఆ అబ్బాయి తోడున్నాడట. మీ పిల్లవాడు ఎవరితో ఆడుతున్నాడో అడిగి, పేర్లు గుర్తుపెట్టుకోండి.

5. కథ ఎవరిదో వాళ్ల అనుమతి తీసుకోవాలి.

అలాస్కాలోని ఇన్యుపియాక్ ప్రజల కథతో 2014లో 'నెవర్ అలోన్' వచ్చింది. అక్కడి గిరిజన మండలి, పెద్దలూ తయారీలో పాలుపంచుకున్నారు. ఆ కథ చెప్పిన రాబర్ట్ క్లీవ్‌లండ్ కూతురు మిన్నీ గ్రే దగ్గర అనుమతి తీసుకున్నారు. ఆటలో కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే వినిపిస్తుంది. మన ఆదిలాబాద్‌లో ప్రధాన్లు కిక్రి వాయిస్తూ గోండుల పూర్వకథలు పాడతారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, గోండి మాటతోనే ఒక ఆట తయారుచేయండని మనవరాలికీ వాళ్ల క్లాసు పిల్లలకీ చెబుతూనే ఉన్నాను.